మూడాకుల అల్లిక

కొత్తవలస
12-11-1967

నరసింహానికి,

మొన్న ఆదివారం నేను మీ ఇంటి నుంచి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "సెయ్యి బాగయ్యేదాకా నువ్వు రాకురా జగన్నాధం. నువ్వు దానికేసి సూస్తంటే నాకు తల తీసేసినట్టుంటాది" అన్నావు. సరే, రాను. ఉత్తరాలు రాయొద్దని అనలేదు కనక రాస్తున్నాను.

ఈ ఉత్తరంతోపాటు చిన్న పొట్లం ఒకటి విజయనగరం వచ్చే పాసింజరు గార్డు సోములు చేత పంపుతున్నాను. అందులో రెండు అల్లిక సూదులు, రెండు ఉండల ఆకుపచ్చ ఊలు ఉన్నాయి. సోములు పొట్లం విప్పి చూసి, "ఏటండీ గుమాస్తాగారూ, ఇజీనారంలో గడ్డి దొరకదా, కొత్తవలస నుంచి పంపుతన్నారు?" అన్నాడు. నువ్వు కూడా నవ్వుకో. నవ్వాక తక్కినది చదువు.

నాలుగేళ్ళ కిందట గూడ్స్ షెడ్డులో పెట్టె పడి నా ఎడమచెయ్యి నలిగింది. వాల్తేరులో రైల్వే ఆసుపత్రికి నువ్వు రెండుసార్లు వచ్చావు. అక్కడ డోరా అమ్మగారని ఆంగ్లో ఇండియన్ నర్సు ఉండేవారు. కట్టు విప్పిన మర్నాడే నా చేతిలో సూదులు పెట్టి, "ఏటి సూస్తావు? అల్లు" అన్నారు. మూడు నెలలు అల్లించారు. షెడ్డులో తెలిస్తే బతకనివ్వరని ఈ సంగతి నీతో సహా ఎవరికీ చెప్పలేదు. నా పట్టు తిరిగివచ్చింది. నీ చెయ్యి నలగలేదు, దసరా నాడు పక్షవాతం తగిలి పడిపోయింది. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. అయినా వేళ్ళు వేళ్ళే.

ఇప్పుడు ఆమె ఉద్యోగం మానేశారు, కళ్ళు కూడా కనబడడం లేదు. ఏటా మార్చి పదిహేడున వాళ్ళ తాతగారి దేశపు పండగ చేస్తారు. ఆ దేశపు సాధువు ఒకాయన మూడాకుల మొక్క చేతపట్టుకుని దేవుడి సంగతి బోధించాడట. అచ్చం మన పెరట్లో మొలిచే పులిచింతాకే. అలాంటి ఆకులు ఊలుతో అల్లి తెలిసినవాళ్ళందరికీ ఇస్తారు. కొందరు చొక్కాకి గుచ్చుకుంటారు, కొందరు పుస్తకంలో గుర్తుకి పెట్టుకుంటారు. మిగిలినవి దండగా గుచ్చి కిటికీకి కడతారు. ఈ ఏడు నలభై కావాలని నాకు కబురు చేశారు. ఇరవై నేను అల్లుతాను. ఇరవై నువ్వు అల్లాలి.

పని ఇది. ఊలు పోగుని ఎడమచేతి చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, ఉంగరపు వేలి కింద నుంచి తీసి, చూపుడు వేలిమీద వేసుకో. చిటికెన వేలు, ఉంగరపు వేలు, ఆ రెండే పోగుని బిగువుగా పట్టాలి. సూదిమీద మూడు కుట్లు ఎక్కించు. వరసకి రెండేసి పెంచుతూ తొమ్మిది చెయ్యి. అక్కడ నాలుగూ అయిదుగా విడదీసి, దేనికది తగ్గిస్తూ ముగించు. ఒక ఆకు. అలాంటి మూడు అల్లి, కింద కాడ పెట్టడమే. కామేశ్వరికి ఇది చదివి వినిపిస్తే సూదులు పట్టడం తనే చూపిస్తుంది. మీ పెళ్ళికి ముందు ఆడపిల్లల బడిలో తను కొంత నేర్చుకుందని లోగడ చెప్పింది.

జగన్నాధం


విజయనగరం
20-11-1967

జగన్నాధానికి,

నీ గడ్డి అందింది.

నాకు పక్షవాతం వచ్చింది చేతికి, బుద్ధికి కాదు. ఏడేళ్ళప్పుడు మా నాన్న నా ఎడమచేతిని ఫిడేలు మీద పెట్టాడు. నలభై ఏళ్ళు ఆ చెయ్యి ఇంకో పని ఎరగదు. ఇప్పుడు అరుగుమీద కూర్చుని ఆడవాళ్ళలా పులిచింతాకులు అల్లాలా? నిన్న శిష్యుడు నారాయణమూర్తి వచ్చేసరికి ఆ ఊలు ఉండ నా పక్కనే ఉంది. "ఎవరికి మాస్టారూ, స్వెట్టరు?" అన్నాడు. పిల్లిది అన్నాను. మా ఇంట్లో పిల్లి లేదు.

అసలు సంగతి నీకు ఒక్కడికే రాస్తున్నాను. రామనవమి ఉత్సవాల్లో పెద్దరోజు కచేరీకి ఇరవై రెండేళ్ళుగా నేనే ఫిడేలు. కమిటీ అధ్యక్షుడు వేంకటాచలం గారు మొన్న వచ్చారు. పక్షవాతం సంగతి దాచి, జ్వరం తగ్గాక చెబుతానన్నాను. ఉగాది దాకా గడువిచ్చారు. నేను రానంటే నారాయణమూర్తిని కూర్చోబెడతారు. వాడు మంచివాడే, వాయిస్తాడు కూడా. కాని ఒకసారి ఆ చోట ఇంకొకడు కూర్చున్నాక మళ్ళీ నన్ను ఎవరు పిలుస్తారు? ఉగాదిలోగా ఈ చెయ్యి లేవాలి. లేవకపోతే నేను ఎవర్నో నాకే తెలియదు. దానికి వైద్యం అడిగితే నువ్వు ఊలు పంపావు.

నరసింహం


కొత్తవలస
1-12-1967

నరసింహానికి,

ఉత్తరం అందింది. కోపంగా రాసినా అక్షరాలు కుదురుగా ఉన్నాయి, సంతోషం.

నా మొదటి ఆకు దూడ నమిలి ఉమ్మినట్టుంది. డోరా అమ్మగారు దాన్ని పారెయ్యనివ్వలేదు. వారానికొకటి చొప్పున వరసగా పెట్టి చూసుకోమన్నారు. నువ్వు అల్లినది ఎలా ఉన్నా పంపు. బాగాలేనిదే ముందు పంపు.

ఉగాదికి నాలుగు నెలలుంది.

జగన్నాధం


విజయనగరం
8-1-1968

జగన్నాధానికి,

ఇదుగో, ఆరు పంపుతున్నాను. సోములు చేతికిచ్చాను. నువ్వనుకున్నంత కష్టమేమీ లేదు. మొదట్లో రెండు పాడయ్యాయి, అవి పారేశాను. వేళ్ళు బాగానే ఆడుతున్నాయి. ఇలాగే సాగితే మాఘంలో ఫిడేలు తీస్తాను. నీ నర్సు అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇంకేమీ కంగారు పడవద్దు. ఇక్కడికి రావలసిన పని కూడా లేదు.

నరసింహం


కొత్తవలస
17-1-1968

నరసింహానికి,

ఆరూ అందాయి. బాగున్నాయి.

జగన్నాధం


విజయనగరం
25-1-1968

అన్నయ్యగారికి లక్ష్మీకామేశ్వరి నమస్కరించి రాస్తున్నాను.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు ఆయనకి తెలియదు. మీకు పంపిన ఆరు ఆకులూ నేను అల్లినవి.

మీ పొట్లం వచ్చాక ఆయన పది రోజులు దాన్ని ముట్టుకోలేదు. తరవాత మూడు రోజులు పట్టుకున్నారు. పోగు వేళ్ళ మధ్య నిలవదు, జారిపోతుంది. కుట్లన్నీ సూది నుంచి ఊడిపోయేవి. నాలుగోనాడు సూదులు నా ఒళ్ళో పడేసి, "నువ్వే అల్లేయి. నేను అల్లానని వాడికి రాస్తాను. లేకపోతే జాలిపడి రైలెక్కి వచ్చేస్తాడు" అన్నారు. నేను వద్దనలేకపోయాను. మనిషిని అలా చూస్తూ ఎదురుచెప్పలేం కదా.

మీరు బాగున్నాయని రాశారు. ఆ మాట చదివి ఆయన సంతోషించలేదు. రెండు రోజులు అన్నం దగ్గర కూర్చుని కెలికి లేచిపోయారు. చెయ్యి ఎప్పుడూ ఒళ్ళో పడేసుకుని ఉంటారు. కదపమంటే కసురుతారు. వైద్యుడు కదపకపోతే బిగిసిపోతుందన్నాడు. నేను అల్లిన ప్రతి ఆకూ ఆయన అల్లవలసినదే గదా అనిపించి, నాకు ఏడో ఆకు సాగడం లేదు. తప్పంతా నాదే. ఏం చెయ్యాలో మీరే చెప్పాలి.

లక్ష్మీకామేశ్వరి


కొత్తవలస
30-1-1968

అమ్మా కామేశ్వరీ,

ఇది సోములు నీ చేతికే ఇస్తాడు.

తప్పు అనుకోకు. చూసిన రోజునే నాకు తెలిసింది. చివర పోగు తెంచినచోట మల్లెపూల దండ కట్టే ముడి వేశావు. ఆరింటికీ అదే ముడి. నరసింహానికి ఆ ముడి రాదు, ఈ జన్మలో రాదు. తెలిసి కూడా బాగున్నాయని రాశాను. అబద్ధం కాదు, బాగానే ఉన్నాయి. నిజం అడిగేస్తే అతను ఉత్తరాలు కూడా మానేస్తాడని భయపడ్డాను.

నువ్వు అల్లడం మానవద్దు. ఒక్క పని మాత్రం చెయ్యి. ఏ ఆకునీ పూర్తిచెయ్యకు. వరస మధ్యలో, సగం కుట్లు ఒక సూదిమీద, సగం ఇంకో సూదిమీద ఉండగా ఆపి, అతని పక్కన పెట్టి నీ పనిమీద నువ్వు వెళ్ళిపో. తీయమని అనకు. తీశావా అని అడగకు.

మేము నరసన్నపేట బడిలో చదివేటప్పుడు ప్రార్థన సగంలో ఉండగా గంట కొట్టేవారు. అందరమూ కూర్చునేవాళ్ళం. వీడొక్కడే నిలబడి మిగిలిన చరణం పాడి కూర్చునేవాడు. మాస్టారు బెత్తం తీసినా పాట ఆపేవాడు కాదు. సగంలో ఆగినదాన్ని వాడు చూడలేడు.

జగన్నాధం


విజయనగరం
4-3-1968

ఒరే జగన్నాధం,

ఈ పొట్లంలో పంతొమ్మిది ఉన్నాయి. పద్దెనిమిది కామేశ్వరివి. ఒకటి నాది. ఏది నాదో చెప్పనక్కరలేదు. జనవరిలో పంపిన ఆరూ కూడా ఆమెవే. నీకు తెలుసునని, నీకు ఆమె రాసిందని, నువ్వు ఆమెకు రాశావని నిన్న ఆమే చెప్పింది. కోపం రాలేదు. రావాలని కాసేపు కూర్చుని చూశాను, రాలేదు.

ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు ఆమె అల్లుతూ అల్లుతూ వరస మధ్యలో ఆపి, నా పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొంగాయేమో అనుకున్నాను. సాయంత్రం దాకా రాలేదు. మర్నాడూ అంతే. నోరు తెరిచి మాట పూర్తిచెయ్యని మనిషి పక్కన కూర్చున్నట్టుంది నాకు. మూడోనాడు తీశాను. తొమ్మిది కుట్లలో అయిదు మిగిలి ఉన్నాయి. ఆ అయిదింటికి పూట పట్టింది. రెండు జారిపోయాయి. చెమట పట్టేసింది. ఆమె వచ్చి చూసి, ఇంకోటి సగం చేసి పెట్టి వెళ్ళిపోయింది. ఈ మనిషితో కాపురం చేస్తున్నానా, పని నేర్పే మేస్త్రితోనా అనుకున్నాను.

తరవాత మొదటి నుంచీ చివరి దాకా నేనే ఒకటి అల్లాలని పట్టుపట్టాను. దానికి పదకొండు రోజులు. చెయ్యి తిన్నగా నడవడానికి నోటితో దరువు వేసుకున్నాను, ఒక్కో ఆకుకీ ఒక్కో దెబ్బ. మూడో ఆకు దగ్గర ఆగాలని తెలుసు. కాని లెక్క నిండలేదని చెయ్యి ఒప్పుకోలేదు. నాలుగోది కూడా వేసేశాను. కామేశ్వరి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏటండీ ఇది? నాలుగాకులెట్టేశారు. పులిసింతకి మూడే గదా?" అంది. "మూడు దెబ్బల తాళం అనుకున్నాను, నాలుగు దెబ్బలదైపోనాది" అన్నాను. నవ్వింది. దసరా తరవాత ఈ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు. నేను కూడా నవ్వాను కాబోలు.

శివరాత్రి ముందు ఇంకో తమాషా. పక్కింటి బుల్లమ్మగారు వచ్చి, కామేశ్వరి అల్లినవాటిలో ఒకటి తీసి కళ్ళకద్దుకుని, "మారేడు దళమే గదమ్మా, ఎండిపోదు, ఒకటియ్యి" అని పట్టుకుపోయింది. శివలింగం పక్కన పెట్టిందట. నీ డోరా అమ్మగారి సాధువు ఏమనుకుంటాడో నాకు తెలియదు.

ఇప్పుడు అసలు మాట. చెయ్యి లేవలేదురా. లేస్తోందో లేదో నాకు తెలియడం లేదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు నావి కానట్టే ఉన్నాయి. ఉగాది ఇంక నెలలేదు. వేంకటాచలం గారు రెండుసార్లు కబురు పంపారు. జ్వరం అని ఇంకెన్నాళ్ళు చెప్పను?

నరసింహం


కొత్తవలస
19-3-1968

నరసింహానికి,

పదిహేడో తేదీ ఆదివారం వాల్తేరు వెళ్ళాను. మీవి ఇరవై అయిదు, నావి పదిహేను, మొత్తం నలభై తీసుకెళ్ళాను. ఈ ఏడు నేనే తక్కువ అల్లాను.

డోరా అమ్మగారి ఇంట్లో పదిమంది దాకా ఉన్నారు. రైల్వేలో పనిచేసి మానేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఆమెకు వెలుతురూ నీడా తప్ప ఏమీ కనబడవు. ఆకులన్నీ ఒళ్ళో పోసుకుని ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమి, "ఇది నీది. ఇది ఆడమనిసిది. ఇదీ ఆడమనిసిదే, ముచ్చటగా ముడేసినాది" అని వేరుచేశారు. నీది చేతికి రాగానే ఆగారు.

"ఇదేటి జగనాదం, నాలుగున్నాయి?"

పొరపాటున పడిందన్నాను.

"పండగాకు మూడే. కత్తెర అందుకో, నాలుగోది తీసేద్దాం" అన్నారు.

నలుగురిలో గొంతెత్తడం నాకు అలవాటు లేదు, నీకు తెలుసు. అయినా, "అది తియ్యడానికి వీల్లేదమ్మా" అన్నాను. ఆమె వినలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి అనేసరికి గదిలో అందరూ నావైపు చూశారు. అప్పుడు నీ సంగతంతా చెప్పాను. నిన్ను అడగకుండా చెప్పినందుకు ఏమీ అనుకోకు.

ఆమె మళ్ళీ తడిమారు. ఈసారి చాలాసేపు. ఆవిడ అన్న మాటలు మరిచిపోకుండా రైల్లోనే కాగితం మీద రాసుకున్నాను. అవే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. "మొదటాకు అంతా వదులు. పోగుని ఎవలూ పట్టుకోనేదు. రెండోది అంతే. మూడోది కూడా అంతే. నాలుగోదాంట్లో, ఇదుగో ఇక్కణ్ణించి, సూడు, బిగువొచ్చినాది. ఒకటి కాదు, నాలుగు వరసలు. ఇది ఉంగరపేలు సేసిన పని. అది లేసినాది. సిటికెనేలు ఇంకా పడుకుంది. అది లేస్తాదో లేవదో నాను సెప్పలేను. నెలలో మాత్రం లేవదు. నీ నేస్తానికి అబద్దం సెప్పకు."

ఆ నాలుగోది నువ్వు అల్లకపోయినా, నేను కొయ్యనిచ్చినా ఈ సంగతి మనకు తెలిసేది కాదు. తక్కినవన్నీ దండ గుచ్చి కిటికీకి కట్టారు, పిల్లలకి పంచారు. నీది నాకే తిరిగి ఇచ్చి, "ఇది పండగది కాదు. ఆసుపత్రి కాగితం లాంటిది. అతనికే ఇచ్చెయ్" అన్నారు. ఇందులో పెట్టాను. నాలుగో ఆకు వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు.

అబద్ధం చెప్పకు అన్నారు కనక నాది కూడా చెబుతున్నాను. నా పట్టు తిరిగివచ్చిందని మొదటి ఉత్తరంలో రాశాను. పూర్తిగా రాలేదు. నా చిటికెన వేలు ఈ రోజుకీ వంగదు. నువ్వు సూదులు ముట్టుకోవేమో అని దాచాను. గూడ్స్ షెడ్డులో దానితో పని లేదు కనక ఎవరికీ తెలియలేదు. నీకు దానితో పని ఉంది. అందుకే, నాకు వచ్చినట్టే నీకూ వస్తుందని ఇప్పుడు అనలేను.

కమిటీకి ఏం చెప్పాలో నేను చెప్పలేను. నువ్వు ఏం చెప్పినా నేను ఆ వైపే.

జగన్నాధం


విజయనగరం
10-4-1968

ఒరే జగన్నాధం,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. నీ చిటికెన వేలు చాలాసార్లు చూశాను, ఒక్కసారీ చూడలేదు. నలభై ఏళ్ళ స్నేహితుడి చెయ్యి కూడా చూడనివాణ్ణి, నా చెయ్యి మాత్రం ఊరంతా చూస్తోందని ఏడ్చాను.

మూడోరోజు వేంకటాచలం గారింటికి నడిచి వెళ్ళాను. "జ్వరం కాదండీ. దసరాకి పక్షవాతం తగిలింది. ఎడమచెయ్యి పనిచెయ్యదు" అన్నాను. ఆయన చదువుతున్న పేపరు మడిచి, "మాకు తెలుసునండి మాస్టారూ. మీరెప్పుడు సెప్తారా అని సూస్తన్నాం" అన్నారు. ఊరందరికీ తెలిసినదాన్ని ఆరు నెలలు దాచానన్నమాట. ఆయనే కాఫీ తెప్పించారు. నారాయణమూర్తిని కూర్చోబెట్టమని నేనే చెప్పాను. వెనక తంబురా నేను వేస్తానన్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "మీరా? ఎనకాలా?" అన్నారు. తంబురాకి కుడిచెయ్యి చాలు కదండీ అన్నాను.

పెద్దరోజున అలాగే కూర్చున్నాను. జనంలో ఎవరో, "మాస్టారు ఎనక్కెళ్ళిపోనారేటి?" అనడం వినబడింది. ఇంకెవరో, "పోనీ, కుర్రోడు ఎలా వాయిస్తాడో సూడు ముందు" అన్నారు. శ్రుతి మీద మనసు పెట్టి మీటుతూ కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో పాడేవాళ్ళ వీపు నేనెప్పుడూ చూడలేదు. పక్క నుంచే చూశాను. వెనక నుంచి చూస్తే వాళ్ళూ భయపడతారని తెలుస్తుంది, మెడ దగ్గర.

నారాయణమూర్తి బాగా వాయించాడు. రెండోగంటలో ఒకచోట తడబడి వెనక్కి తిరిగి చూశాడు. నేను తల ఊపాను. వాడు అందుకున్నాడు. కచేరీ అయ్యాక కాళ్ళకి దండం పెట్టబోతే ఆపాను. వచ్చే ఏడు సంగతి వేంకటాచలం గారు ఎత్తారు. వాడినే పిలవండి, నన్ను కూడా అడగండి, అప్పుడు చెబుతానన్నాను.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఫిడేలు తీశాను. తీగ ఒకటి తెగి ఉంది, మార్చాను. దానికే చాలాసేపు పట్టింది. కమాను పట్టి స రి గ అన్నాను. మధ్యమం దగ్గర ఉంగరపు వేలు ఆనింది. నిలవలేదు, పక్కకి జారింది, కాని ఆనింది. చిటికెన వేలు గాలిలో ఉండిపోయింది. వచ్చిన స్వరం ఏ రాగంలోనూ లేదు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను అదే మళ్ళీ వాయించాను. మళ్ళీ జారింది. కాసేపటికి మాడిన వాసన వచ్చింది. కామేశ్వరి గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి, "మీ దయవల్ల వంకాయకూర మాడిపోనాది" అంది.

"మధ్యమం ఎలాగున్నాది?" అని అడిగాను.

"బాగోలేదు" అంది. కొంగుతో మొహం తుడుచుకుని గుమ్మంలోనే కూర్చుంది. "ఇంకోసారి వాయించండి."

వాయిస్తున్నాను. ఆదివారం పాసింజరుకి రా.

నరసింహం